చల్లటి టైరు మీద మొదటి మలుపు

మా పిన్ని కొడుకు బెంగళూరులో ఉంటాడు. మొన్న రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. నిగనిగలాడే నల్లటి టైరు, దాని మీద అక్కడో గాడి, ఇక్కడో గాడి. కింద ఒకటే లైను: "అన్నయ్యా, నా కేటీఎం ఆర్‌సీ 390 బండికి ఇది వేయిద్దామనుకుంటున్నా. వచ్చే నెల చెన్నైలో ట్రాక్ డే ఉంది. ఏమంటావు?" ట్రాక్ డే అంటే డబ్బు కట్టి మన సొంత బండిని రేసు ట్రాక్ మీద తిప్పుకునే రోజు.

"వద్దురా" అని ఒక్క ముక్క కొట్టి పడుకుంటే అయిపోయేది. కానీ వాడు ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలంటే అనంతగిరి గుట్ట మీద నా మోచెయ్యి గీరుకుపోయిన రోజు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అదంతా ఫోన్లో బొటనవేళ్ళతో టైపు చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

నేననేది ఇదీ. రోడ్డు మీదా ట్రాక్ మీదా ఒకే బండి తిప్పేవాడు టైరు కొనేటప్పుడు తన బెస్ట్ ల్యాపు గురించి ఆలోచిస్తాడు. నన్నడిగితే తన అతి చెత్త పది నిమిషాల గురించి ఆలోచించాలి. డిసెంబరు పొద్దున ఆరింటికి ఇంటి సందులోంచి మెయిన్ రోడ్డెక్కే పది నిమిషాలు, టీ తాగి బండెక్కాక వచ్చే మొదటి మలుపు, చినుకులు పడి ఆగిన రోడ్డు. ఆ పది నిమిషాల్లో పట్టు ఇచ్చే టైరే మన టైరు. ఈ మాట చెల్లని చోటు ఉంది, దాని దగ్గరికీ వస్తాను.

అనంతగిరి మీద

నాది 2020 మోడల్ అపాచీ ఆర్ఆర్ 310. చూస్తే అచ్చం రేసు బండిలాగే ఉంటుంది. ఆ ఏడాది బీఎస్-6 మోడల్‌తో కంపెనీ వాళ్ళు దానికి వేసిచ్చిన టైర్లేమో మిషెలిన్ రోడ్ 5. అవి స్పోర్ట్ టూరింగ్ టైర్లు, అంటే వానలో కూడా దూరాలు పోయేవాళ్ళ టైర్లు. ముందు 110/70, వెనక 150/60. అప్పట్లో నాకిది వింతగా ఉండేది. సిక్స్ ప్యాక్ వాడికి స్వెట్టర్ తొడిగినట్టు ఉందని మా గ్యాంగులో నేనే జోకేశాను.

అవి అరిగాక 2022లో గాళ్ళు తక్కువగా ఉండే, ట్రాక్ వైపు మొగ్గే టైర్లు వేయించాను. పేరు అనవసరం, టైరు తప్పేమీ లేదు. ఆ కొత్తలో ఒకట్రెండు ఆదివారాలు ఎండలో తిరిగితే స్వర్గంలా ఉంది. పార్కింగులో మావాళ్ళు వంగి మరీ అంచులు చూసేవాళ్ళు. తెలియనివాళ్ళకి: బండి ఎంత వంచితే టైరు అంచు వైపు అంత దూరం అరుగుతుంది. అరగకుండా మిగిలిపోయిన పట్టీని చికెన్ స్ట్రిప్స్ అంటారు, పిరికివాడి గుర్తన్నమాట. ఉప్పు కాగితంతో ఆ పట్టీని గీకి పెట్టుకున్నవాణ్ణి నేను కళ్ళారా చూశాను. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు, అందుకని వదిలేస్తున్నా.

ఆగస్టులో ఒక ఆదివారం. మొయినాబాద్, చేవెళ్ళ దాటి మన్నెగూడ వైపు మర్రిచెట్ల కింద పోతున్నాం. పొద్దున్నే జల్లు పడి ఆగింది. రోడ్డంతా రాలిన ఆకులూ నలిగిన మర్రిపళ్ళూ. అక్కడ మాత్రం జాగ్రత్తగానే నడిపాను. వికారాబాద్‌లో టీ, ఇరవై నిమిషాల కబుర్లు. మళ్ళీ బండెక్కి గుట్ట మొదలైన రెండో మలుపులో ముందు చక్రం నా కింద నుంచి వెళ్ళిపోయింది. వేగం ఎంతనుకున్నారు? నలభై కూడా లేదు. స్పీడులో పడితే చెప్పుకోవడానికి ఒక కథన్నా ఉండేది.

ఎడమవైపు ఫెయిరింగ్, అంటే బండి పక్కనుండే ప్లాస్టిక్ తొడుగు, గీరుకుపోయింది, క్లచ్ లివర్ వంగింది, జాకెట్ చిరిగి మోచెయ్యి రక్తం కారింది. పక్కనే కుంపటి మీద మొక్కజొన్న పొత్తులు కాల్చే పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది. మంచినీళ్ళిచ్చి, నన్ను కూర్చోబెట్టి, పడున్న బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"గింత మంచి బండి కొన్నవ్, గుండు టైర్లేసుకున్నవేంది బిడ్డా?"

అవి గుండైపోయినవి కావమ్మా, అలాగే వస్తాయి, ఇంతా అంతా ఖరీదు కాదు అని చెప్పబోయి ఆగిపోయాను. ఏం చెబుతాను? ఆ పూట, ఆ రోడ్డు మీద, అవి గుండు టైర్లే.

వేడి లెక్క

పడ్డాక నెలరోజులు బండి షెడ్డులో ఉంటే, అప్పుడు చదవడం మొదలుపెట్టాను. పడకముందు చదవాల్సింది.

రబ్బరు రోడ్డుని పట్టుకోవాలంటే మెత్తబడాలి. రాళ్ళ మధ్య సందుల్లోకి దిగి, అక్కడి ఆకారానికి ఒదిగి, మళ్ళీ లేవాలి. చల్లగా ఉంటే గట్టిగా ఉండి పైపైన జారుతుంది. ట్రాక్ టైరు రబ్బరు డెబ్బై ఎనభై డిగ్రీల్లో మెత్తబడి పట్టేలా కలిపి పెట్టింది. రేసుల్లో దానికి కరెంటు దుప్పట్లు కప్పి, ముందే కాచి, అప్పుడు బండిని ట్రాక్ మీదికి వదులుతారు. 2004 నుంచి వరల్డ్ సూపర్‌బైక్ రేసులకి పిరెల్లీ ఒక్కటే టైర్లిస్తోంది. అక్కడ గెలిచిన టైరు పేరే షాపులో కనిపిస్తే మన చెయ్యి జేబులోకి పోతుంది. ఆ దుప్పటి మాత్రం షాపులో ఇవ్వరు.

రోడ్డు టైరులో సిలికా ఎక్కువ కలుపుతారు. చలిలోనూ తడిలోనూ పట్టు వచ్చేది దానివల్లే. పైగా చాలావాటిలో నడిమధ్య గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు ఉంటుంది. మధ్య భాగం హైవే మీద అరగకుండా, అంచులు మలుపులో పట్టేలా.

ఇక్కడ నాకు బాగా ఆలస్యంగా తట్టిన విషయం ఒకటుంది. రోడ్డు మీద టైరు అంచు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. నమ్మకపోతే ఈసారి హైవే మీద ముప్పై నలభై కిలోమీటర్లు నిటారుగా పోయి, ఆపగానే అరచెయ్యి పెట్టి చూడండి. మధ్యలో వెచ్చగా తగులుతుంది. అక్కణ్ణుంచి వేళ్ళు పక్కకి జరుపుతూ అంచు దగ్గరికి రండి, తేడా మీకే తెలుస్తుంది. ఆ అంచు రోడ్డుని తాకి అరగంట అయ్యుంటుంది. తరవాతి మలుపులో మనం బండి వంచి మొత్తం బరువు పెట్టేది దాని మీదే.

ట్రాక్‌లో ఈ బాధ లేదు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాక్‌నే తీసుకోండి. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు, మా నోట్లో ఇంకా ఎంఎంఆర్‌టీయే. 3.7 కిలోమీటర్లలో 12 మలుపులు. కుడి అంచు, ఎడమ అంచు మార్చి మార్చి నలుగుతూనే ఉంటాయి. రెండు మూడు ల్యాపుల్లో మొత్తం టైరు కాగుతుంది. మన ఘాట్ రోడ్డులో అంత సేపు అంత గట్టిగా నలిపామంటే మనం చేసే పని వేరు, దానికి టైరు కాదు, జైలు ఉండాలి. దోమలపెంట మలుపుల్లో ఎదురుగా శ్రీశైలం నుంచి వచ్చే బస్సు సగం మన వైపే ఉంటుంది మరి.

గాళ్ళ గురించి కూడా ఒక అపోహ ఉంది. గాళ్ళు ఎక్కువుంటే పట్టు ఎక్కువని మా నాన్నగారి తరం నమ్మకం, తక్కువుంటే ఎక్కువని మా గ్యాంగు నమ్మకం. గాళ్ళ పని నీళ్ళు బయటికి తోడెయ్యడం. పొడి రోడ్డు మీద అవి లేకపోతేనే మేలు, రోడ్డుకి ఆనే రబ్బరు పెరుగుతుంది, అది అటూ ఇటూ కదలదు. కాబట్టి ఇద్దరిదీ చెరో సగం నిజం. వాన పడే రోజు మాత్రం మా నాన్నగారిదే.

ఇరుంగాట్టుకోట్టైలో గాలి

మొదటిసారి ట్రాక్‌కి ఆ ట్రాక్ టైర్లతోనే వెళ్ళాను, పడటానికి రెండు నెలల ముందు. పొద్దున సెషన్లో బండి ఎందుకో బిగుసుకుపోయినట్టుంది, మలుపులో సన్నగా వణుకుతోంది. కోచ్‌గా ఉన్న తమిళాయన వచ్చి వెనక టైరు ముట్టుకున్నాడు. గోటితో అంచు మీది రబ్బరు పోగులు లాగి చూశాడు.

"గాలెంత?"

"షాపులో పెట్టిందే సార్."

ఆయన మారుమాట్లాడకుండా జేబులోంచి గేజి తీసి పెట్టాడు. ముందు 41, వెనక 44. పైపెచ్చు అది ఒకటే సెషన్ తరవాత.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు, ఇంటర్ ఫిజిక్సే. ముప్పై డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐ పెట్టిన గాలి, టైరు లోపల డెబ్బై డిగ్రీలకి కాగితే 36 దగ్గరికి పోతుంది. షాపులో "అన్నా, పెద్ద బండి కదా" అని 35 కొట్టినవాడు నాకు మేలే చేశాననుకున్నాడు. నేను కూడా అలాగే అనుకున్నాను. గాలి ఎక్కువైతే టైరు బంతిలా ఉబ్బి రోడ్డుని తాకే జాగా తగ్గిపోతుంది. ఆ జాగా మంచి రోజుల్లోనే అరచెయ్యంత ఉండదు.

కోచ్ రెండు చక్రాల్లోనూ గాలి తగ్గించి పంపాడు. తరవాతి సెషన్లో అదే బండి, అదే టైరు, అదే మనిషి, వణుకు లేదు. పాతిక వేలు పెట్టి టైర్లు మార్చినప్పుడు నాకింత తేడా తెలియలేదు, నిమిషంసేపు గాలి తీస్తే తెలిసింది.

గాలి సంగతి అంత పెద్దదా అనేవాళ్ళు 2025 మార్చిలో థాయ్‌లాండ్ మోటోజీపీ గుర్తు చేసుకోండి. ముందున్న మార్క్ మార్కెజ్ ఉన్నట్టుండి నెమ్మదించి తమ్ముడు అలెక్స్‌ని ముందుకు పోనిచ్చాడు. టీవీ ముందు మేమందరం బండికేదో అయిందనుకున్నాం. ముందు టైరులో గాలి నిబంధనకన్నా, అంటే 1.8 బార్ కన్నా తగ్గుతోందని, తమ్ముడి వెనక వేడి గాలిలో నడిపి దాన్ని కాచుకున్నాడు. ఆఖరి ల్యాపుల్లో మళ్ళీ దాటి గెలిచాడు. అంతటివాడు గాలి కోసం రేసు మధ్యలో లీడు వదులుకున్నాడు. మనమేమో పెట్రోలు బంకులో గాలి మిషను మీద నడుంవాల్చిన కుర్రాడికి "కొట్టేయ్ తమ్ముడూ" అని చెప్పి ఫోన్ చూసుకుంటాం.

పడ్డాక మళ్ళీ స్పోర్ట్ టూరింగ్ టైర్లకే వచ్చాను. వాటితో రెండుసార్లు చెన్నై వెళ్ళాను. నా ల్యాపు టైము చెప్పుకునేంత గొప్పది కాదు, రెండు నిమిషాల ఇరవై చిల్లర సెకన్లు. ట్రాక్ టైర్ల మీద వచ్చినదానికీ వీటికీ తేడా సెకనున్నర. అదే కోచ్ వెనకాల రెండు ల్యాపులు తిరిగి ఎక్కడ బ్రేకు వదలాలో చూశాక తగ్గింది ఆరు సెకన్లు. అందుకే 300, 400 సీసీ బండి మీద మొదటి రెండు మూడేళ్ళు ట్రాక్ టైరు కొనడం నా దృష్టిలో ఇంగ్లీషు రాకుండా ఖరీదైన పెన్ను కొనడం లాంటిది.

నా మాట చెల్లని చోటు

ఈ మాటే ఒకసారి ప్యాడక్‌లో, అంటే ట్రాక్ పక్కన బండ్లు నిలిపే చోట, గట్టిగా అన్నాను. పక్కన లీటరు బండి, అంటే వెయ్యి సీసీది, తోలే విశాఖ మిత్రుడొకడు ఉన్నాడు. ఫాస్ట్ గ్రూపు. ఏమీ అనలేదు, "రా" అని తన బండి దగ్గరికి తీసుకెళ్ళి వెనక టైరు చూపించాడు. మంచి పేరున్న రోడ్డు టైరే. కుడి అంచు రబ్బరు చిట్లి, పొరలు పొరలుగా లేచి, పెనం మీద మాడిన దోసెలా ఉంది.

"ఐదో ల్యాపు నుంచి సబ్బు మీద నడిపినట్టుంది బ్రో. నీ చల్లటి మలుపు సంగతి సరే, నా వేడి మలుపు మాటేంటి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. రోడ్డు టైరుకి కింది హద్దు ఎంత మంచిదో పైహద్దు అంత తక్కువ. చెన్నైలో ఏప్రిల్ మధ్యాహ్నం, రెండొందల హార్స్ పవర్, గంటకి రెండొందలు దాటిన వేగం నుంచి బ్రేకు. అక్కడ ఆ టైరు కాగి కాగి పట్టు వదిలేస్తుంది. అది కూడా పడిపోవడమే, ఇంకా పెద్ద పడిపోవడం. అతనికి ట్రాక్ టైరు షోకు కాదు, అవసరం. అతనిప్పుడు రెండో జత రిమ్ములు కొని వాటికి ట్రాక్ టైర్లు ఎక్కించి పెట్టుకున్నాడు. బండిని ట్రాలీ మీద తెస్తాడు. డబ్బున్న జవాబే గానీ సరైన జవాబు.

ఇంకో సందేహం నా టైర్లలోంచే వచ్చింది. రెండు ట్రాక్ డేలయ్యేసరికి నా రోడ్డు టైర్ల మధ్య భాగం నిక్షేపంగా ఉంది, అంచులు పోయాయి. మామూలుగా మనవి తిరగబడి అరుగుతాయి కదా, హైవే మీద నడిమధ్య బల్లపరుపై, అంచులు కొత్తగా ఉండి. కాబట్టి "ఒకే టైరు అన్నిటికీ" అన్న నా ఆనందానికి ఆయుష్షు ఏడాదికి రెండు మూడు ట్రాక్ డేలు. అంతకన్నా ఎక్కువ తిరిగేవాళ్ళ లెక్క మారిపోతుంది. ఎక్కడ మారుతుందో గీత గీసి చెప్పలేను. టైరు అంచు మీద పొరలు లేవడం మొదలైతే మారినట్టే అని మాత్రం ఇప్పుడు అనుకుంటున్నాను.

మా తమ్ముడు మాత్రం ఆ గీతకి ఎంతో ఇవతల ఉన్నాడు. నేనూ అంతే. నా చెన్నై ప్రయాణం లెక్కేసి చూడండి. నార్కెట్‌పల్లి, అద్దంకి మీదుగా ఒంగోలు, నెల్లూరు దాటి వెళ్ళి రావడానికి పదమూడొందల కిలోమీటర్లు. అక్కడ ఐదు సెషన్లలో తిరిగేది ముప్పై ల్యాపులు, అంటే నూట పది. పదమూడొందలు నిటారుగా, నూట పది వంగి. ట్రాక్ టైరుతో పోతే చెన్నై చేరేసరికే దాని నడుము అరిగి చపాతీ అవుతుంది.

షాపులో

డబ్బు గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని లైసెన్సు లేకుండా వీల్లేని జాబితాలో పెట్టింది. అప్పట్నుంచి విదేశీ టైరు దొరకడమే ఒక వేట. జత పాతిక వేలకి అటూ ఇటూ. అపోలో, సియట్, ఎంఆర్ఎఫ్, టీవీఎస్ యూరోగ్రిప్ వాళ్ళు మన సైజుల్లో స్పోర్ట్స్ టైర్లు చేస్తున్నారు, చాలావరకు అందులో సగం ధరకే వస్తాయి. పేరు చూసి వాటిని తీసిపారేసే అలవాటు నాకూ ఉండేది. ఈసారి వెనక టైరు మనదే వేయించాలని ఉంది. వేయించాక రాస్తాను.

దొరకని సరుకు కాబట్టి షాపుల్లో పాతది కూడా చెల్లుతుంది. సికింద్రాబాదులో ఒక షాపతను నాకు "ఫ్రెష్ పీస్ సార్" అని బయటికి తీసిన టైరు పక్కన 3120 అని ఉంది. ఆ నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తరవాతి రెండూ ఏడాది. 2020లో 31వ వారం. నేను చూస్తున్నది 2024లో. అది చూపిస్తే అతను ఏమాత్రం తడబడకుండా, "లోపల్నే పెట్టినం సార్, ఎండ తగల్లే" అన్నాడు. ఊరగాయ జాడీ గురించి చెప్పినట్టే.

పంక్చరు ఇంకో తలనొప్పి. మా ఆఫీసు రోడ్డులో మేకు గుచ్చుకోని నెల లేదు. మామూలు టైరైతే ఆ చిల్లులో రబ్బరు స్ట్రిప్ గుచ్చి గాలి కొట్టి పంపేస్తారు. అదే స్ట్రిప్ ఉన్న టైరుతో ట్రాక్ మీద నూట యాభై నుంచి బ్రేకు వెయ్యాలంటే నాకు గుండె రాదు. పాతిక వేల టైరుకి రెండో వారంలోనే మేకు దిగితే ఆ ఏడ్పు వేరే, అది మా ఇంట్లోవాళ్ళకి తెలుసు.

ఇంతా టైపు చేసి, పడుకోబోయే ముందు మావాడికి ఫోన్ చేశాను. కంపెనీ టైర్లు ఇంకా బాగానే ఉన్నాయట. వాటితోనే ట్రాక్‌కి వెళ్ళు, మంచి గేజి ఒకటి కొను, ప్రతి సెషన్ తరవాతా గాలి చూసుకుని రాసుకో, వచ్చాక టైర్ల సంగతి మాట్లాడదాం అని చెప్పాను. అటు నుంచి చప్పుడు లేదు.

"ఏరా?"

"అదే అన్నయ్యా... వేయించేశా. సాయంత్రమే. ఫొటో పంపింది వేయించాకే."

అడగడం మర్యాద కోసమన్నమాట. నేనూ వాడి వయసులో మా బాబాయిని ఇలాగే అడిగేవాణ్ణి. సరేలే, వానలో బయటికి తియ్యకు అని ఫోన్ పెట్టేసి, ఊరికే ఆ ఫొటో మళ్ళీ తెరిచాను. తారీకు చూద్దామని వేళ్ళతో పెద్దది చేశాను. అంకెలు బాగానే ఉన్నాయి, కొత్త సరుకే. వాటి పక్కనే చక్రం ఏ వైపు తిరగాలో చూపించే బాణం గుర్తుంది. ముందు టైరు మీద ఆ బాణం సీటు వైపు చూస్తోంది. చక్రం పైభాగంలో అది హెడ్‌లైటు వైపు చూడాలి.

టైము పన్నెండున్నర. మళ్ళీ ఫోన్ చేశాను.